ఫ్రేములతో కట్టిన పాత వెబ్‌సైటును విప్పి కట్టడం: ఎక్కడ దెబ్బతింటాము, ఎలా సరిచేసుకోవాలి

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఇరవై ఏళ్ల క్రితం వెబ్ డిజైనింగు నేర్చుకున్నవారి నోట్సు తిరగేస్తే, టేబుళ్ల పాఠం ముగియగానే ఫ్రేముల పాఠం మొదలవుతుంది. ఆ పాఠం ఆధారంగా కట్టిన సైట్లు నగరంలో ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. కాలనీ సంక్షేమ సంఘాలవి, ట్యూటోరియల్ కాలేజీలవి, పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణాలవి కొన్ని నా దగ్గరకు మరమ్మతుకు వచ్చాయి. యజమానులు చెప్పే ఫిర్యాదు దాదాపు ఒక్కటే: సైటు తెరుచుకుంటుంది కానీ గూగుల్‌లో సరిగా దొరకదు, ఫోనులో చదవడానికి వీలు కాదు, ఎవరికైనా లింకు పంపితే వారికి వేరే పేజీ వస్తుంది. ఈ మూడింటికీ మూలం ఒకటే కావడం వల్ల, ముందుగా ఆ మూలాన్ని అర్థం చేసుకుని తరువాత విప్పే పనిలోకి దిగడం మంచిది.

ఫ్రేమ్‌సెట్ అనేది ఒకే కిటికీని గడులుగా విభజించి, ఒక్కో గడిలో ఒక్కో హెచ్‌టీఎంఎల్ పత్రాన్ని చూపించే పద్ధతి. నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 దీన్ని ప్రవేశపెట్టింది; ఆ బ్రౌజరు 1996లో విడుదలైంది. టెలిఫోను తీగ మీద నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఇంటర్నెట్ వాడిన ఆ రోజుల్లో, ఎడమవైపు మెనూను ఒక్కసారి దించుకుని కుడివైపు విషయాన్ని మాత్రమే మారుస్తూ పోవడం నిజంగానే ఆదా అనిపించింది. పైగా మెనూలో ఒక లింకు మార్చాలంటే యాభై పేజీలు తెరవనక్కర లేకుండా ఒకే ఫైలు మారిస్తే సరిపోయేది. అయినా లోపాలు కనిపించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. వెబ్ వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 1996లోనే వెబ్ డిజైనులో జరిగే పది పెద్ద తప్పులను ఏకరువు పెడుతూ ఫ్రేముల వాడకాన్ని మొదటి స్థానంలో ఉంచారు. 1997 డిసెంబరులో హెచ్‌టీఎంఎల్ 4.0 ప్రమాణం ఫ్రేములను లోపలికి రానిచ్చింది. 2014 అక్టోబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 5 వాటిని కాలం చెల్లినవిగా ప్రకటించి, ఒక్క ఐఫ్రేమును (పేజీ మధ్యలో మరో పేజీని చూపించే పెట్టెను) మాత్రం ఉంచుకుంది. అయితే పాత పేజీలు చెడిపోకూడదని బ్రౌజర్లు నేటికీ ఫ్రేమ్‌సెట్‌ను చూపిస్తూనే ఉన్నాయి, అందుకే తన సైటులో లోపం ఉందని యజమానికి తట్టదు.

మీ సైటు అలాంటిదో కాదో తెలుసుకోవడం సులభం. నాలుగైదు లింకులు నొక్కి చూడండి. పేజీలు మారుతున్నా పైన చిరునామా మారకపోతే అనుమానించాలి. తరువాత కంట్రోల్, యూ మీటలు కలిపి నొక్కి మూలాన్ని చూస్తే, బాడీ ఉండవలసిన చోట ఫ్రేమ్‌సెట్ అన్న పదం, దాని కింద రెండు మూడు ఫైళ్ల పేర్లు తప్ప మరేమీ కనిపించవు.

చిరునామా లేని పేజీలు

ఫ్రేముల కష్టాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి కనుక ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. వెబ్‌లో ఒక చిరునామాకు ఒక పత్రం అన్నది పునాది. ఫ్రేమ్‌సెట్ ఆ లెక్కను చెరిపేస్తుంది. చదువరి కళ్ల ముందు ఉన్నది మెనూ, తలకట్టు, విషయం అనే మూడు పత్రాల కలయిక. ఆ కలయికకు పేరు లేదు. చిరునామా పట్టీలో ఉన్నది మొదట తెరిచిన చట్రం (అంటే గడులను విభజించే ఫైలు) పేరు మాత్రమే. ఇది ఎనభై ఫ్లాట్లున్న అపార్టుమెంటుకు గేటు నంబరు ఇచ్చి, ఫ్లాటు నంబరు ఇవ్వకపోవడం లాంటిది. కొరియరు కుర్రవాడు గేటు దాకా వస్తాడు, అక్కడి నుంచి వాచ్‌మన్‌ను అడుక్కోవాలి.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల క్రితం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ట్యూటోరియల్ కాలేజీకి మూడు గడుల సైటు కట్టి ఇచ్చి, అందంగా కుదిరిందని మురిసిపోయాను. ఫలితాలు వచ్చిన రోజున ఆఫీసు గుమాస్తా ఫలితాల పేజీ తెరిచి, పైన ఉన్న చిరునామాను తల్లిదండ్రులందరికీ పంపారు. అందరికీ మొదటి పేజీయే వచ్చింది. సాయంత్రం దాకా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ తరువాత తెలిసిన సంగతి ఇంకా ఇబ్బందికరమైనది: గూగుల్‌లో వెతికి వచ్చినవారు ఫలితాల పత్రాన్ని నేరుగా తెరుస్తున్నారు, కానీ కాలేజీ పేరు, ఫోను నంబరు, మెనూ అన్నీ వేరే ఫ్రేములలో ఉండిపోవడంతో వారికి కనబడుతున్నది తలా తోకా లేని ఒక పట్టిక. అది ఏ కాలేజీ ఫలితమో ఆ పేజీలో ఎక్కడా లేదు.

సెర్చి యంత్రం చేసేది అంతే. అది ఒక్కో ఫైలును విడివిడిగా చదివి విడివిడిగా చూపిస్తుంది. చట్రం పేజీలో చదవడానికి మాటలే ఉండవు. లోపలి పేజీలో మాటలుంటాయి కానీ దారి ఉండదు. దీనికి విరుగుడుగా ఆ రోజుల్లో చాలామంది ప్రతి లోపలి పేజీలో ఒక చిన్న జావాస్క్రిప్టు ముక్క పెట్టారు. పేజీ ఒంటరిగా తెరుచుకుంటే అది చదువరిని బలవంతంగా మొదటి పేజీకి నెట్టేస్తుంది. ఫలితాలు వెతుక్కుంటూ వచ్చినవారిని గుమ్మం దగ్గరకు తిరిగి పంపడం రోగం కన్నా మందు ఎక్కువ బాధించడమే. ఈ ముక్క సంగతి గుర్తుంచుకోండి, విప్పేటప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

లింకు ఏ గడిలో తెరుచుకుంటుంది?

ఫ్రేముల సైటులో ప్రతి లింకుకూ టార్గెట్ అనే గుణం రాయాలి. మరచిపోతే కొత్త పేజీ, లింకు ఉన్న గడిలోనే తెరుచుకుంటుంది. మెనూలోని లింకుకు టార్గెట్ లేకపోతే నూట యాభై పిక్సెళ్ల సన్నని గడిలో పేజీ మొత్తం ఇరుక్కుంటుంది, మెనూ మాయమవుతుంది. లోపలి పేజీ అడుగున ‘హోమ్’ అన్న లింకును మొదటి పేజీకి కలిపి, మొత్తం కిటికీలో తెరవమనే టార్గెట్ ఇవ్వకపోతే, చట్రంలో మరో చట్రం తెరుచుకుంటుంది. రెండుసార్లు నొక్కితే మంగలి దుకాణంలో ఎదురెదురు అద్దాల్లా మెనూ పక్కన మెనూ, దాని పక్కన ఇంకో మెనూ.

ఇతరుల సైట్లకు ఇచ్చిన లింకుల సంగతి మరీ సున్నితమైనది. 1997లో అమెరికాలో టోటల్ న్యూస్ అనే సైటు పత్రికల పేజీలను తన ఫ్రేములో, తన ప్రకటనల మధ్య చూపించినందుకు వాషింగ్టన్ పోస్టు, సీఎన్ఎన్ తదితర సంస్థలు దావా వేశాయి; అదే ఏడాది రాజీ కుదిరి, లింకు ఇవ్వవచ్చు కానీ ఫ్రేములో చూపకూడదన్న ఒప్పందం జరిగింది. ఇప్పుడు కోర్టుల దాకా వెళ్లనక్కర లేదు, ఎదుటి సర్వరే అడ్డుకుంటుంది. బ్యాంకులు, మెయిలు సేవలు, గూగుల్ వంటివి తమ పేజీలను పరాయి ఫ్రేములో తెరవవద్దని బ్రౌజరుకు ముందే చెబుతాయి. పాత సైటులో అలాంటి లింకు నొక్కితే గడి తెల్లగా మిగిలిపోయి, కనెక్షన్ నిరాకరించారన్న సందేశం వస్తుంది. ‘ఆ సైటు పని చేయడం లేదండీ’ అని యజమానులు అనుకునేవాటిలో చాలావరకు ఇవే.

ఫోను తెర, తెలుగు అక్షరాలు

మామూలు ఆండ్రాయిడు ఫోను తెర వెడల్పు బ్రౌజరు లెక్కలో సుమారు 360 పిక్సెళ్లు. అందులో ఇరవై శాతం మెనూకు కేటాయిస్తే దానికి దక్కేది డెబ్బై రెండు పిక్సెళ్లు. ‘ప్రవేశాలు’ అన్న మాట కూడా అందులో ఇమడదు. తెలుగు మాటలు పొడవైనవి, వత్తులతో ఎత్తయినవి కూడా కనుక ఇంగ్లిషు మెనూ కొలతలతో గీసిన గడి తెలుగుకు ఎప్పుడూ చాలదు. దానికి తోడు పాత నోట్సులో చెప్పినట్లు స్క్రోలింగు వద్దని, గడి సాగదీయరాదని రాసి ఉంటే, తెగిపోయిన మాటను చూసే మార్గమే ఉండదు. ఫోను కోసం పేజీని తెర వెడల్పుకు సర్దమని చెప్పే వ్యూపోర్టు ట్యాగును లోపలి పేజీలో పెట్టి ఫలితం లేదని కొందరు విసుగు చెందుతుంటారు; బ్రౌజరు పట్టించుకునేది అన్నిటికన్నా పైన ఉన్న చట్రం పత్రంలోని ట్యాగును మాత్రమే.

ఫ్రేములోని పత్రం దేనికదే స్వతంత్రం కాబట్టి, పై పత్రంలో ఇచ్చిన సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే నియమాలు), ఫాంటు లోపలికి దిగవు. మెనూ ఒక తెలుగు ఫాంటులో, విషయం మరో దానిలో కనిపించే సైట్లకు కారణం ఇదే. అక్షరాలు ఏ సంకేతాలలో ఉన్నాయో చెప్పే యూటీఎఫ్-8 అన్న ప్రకటన కూడా ప్రతి పత్రంలో విడిగా ఉండాలి. ఏదో ఒక దానిలో లేకపోతే బ్రౌజరు ఊహించుకుని తెలుగును గజిబిజి గుర్తులుగా మార్చవచ్చు. యూనికోడు తెలుగు అందరికీ అందకముందు, అంటే విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు రాకముందు కట్టిన సైట్లలో చిక్కు ఇంకా లోతైనది. అక్కడ ఫైలులో ఉన్నవి రోమన్ సంకేతాలే, వాటికి తెలుగు ముసుగు వేసింది ఫాంటు. అలాంటి పాఠాన్ని ముందుగా యూనికోడులోకి మార్చి, ఒక మనిషి చేత అక్షరం అక్షరం చదివించాలి. మార్పిడి పరికరాలు వత్తుల దగ్గర తరచుగా పొరబడతాయి.

చూపు లేనివారి కష్టం గురించి: స్క్రీన్ రీడరు ప్రతి ఫ్రేమునూ దాని శీర్షికతో పరిచయం చేస్తుంది. శీర్షిక లేకపోతే వారికి అందేది ‘ఫ్రేము, లెఫ్ట్’, ‘ఫ్రేము, మెయిన్’ వంటి ఫైలు పేర్లు. వెబ్ సౌలభ్య మార్గదర్శకాల తొలి కూర్పు 1999లోనే ప్రతి ఫ్రేముకూ శీర్షిక ఉండాలని చెప్పింది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరు ఉచితం. దానితో పది నిమిషాలు మీ సైటును విని చూడండి.

విప్పే క్రమం

మొదట సర్వరులోని ఫైళ్లన్నిటినీ కాపీ చేసి దాచుకోవాలి. తరువాత ఒక ఎక్సెల్ షీటులో ప్రతి హెచ్‌టీఎంఎల్ ఫైలు పేరు, అది ఏ గడిలో కనిపిస్తుంది, దాని శీర్షిక ఏమిటి అన్నది రాసుకోవాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ దీన్ని వదిలేసి నేరుగా కోడింగులోకి దిగినవారు మధ్యలో మళ్లీ ఇక్కడికే రావలసి ఉంటుంది. మెనూలో లేకపోయినా సర్వరులో ఉండి, గూగుల్‌లో కనిపించే పేజీలు కొన్ని తప్పకుండా బయటపడతాయి.

రెండవది ఫైళ్ల పేర్ల విషయం. కొత్త సైటు కదా అని పేర్లన్నీ మార్చేయాలన్న ఆశ కలుగుతుంది. వద్దు. ఇన్నేళ్లుగా సెర్చి యంత్రాలకు తెలిసినవి ఆ లోపలి పేజీల చిరునామాలే, బయటి సైట్ల నుంచి లింకులు ఉన్నవీ వాటికే. ఫలితాల పత్రం ఏ పేరుతో ఉందో అదే పేరుతో ఉంచి, దానికి తలకట్టు, మెనూ, అడుగు పట్టీ చేర్చి సంపూర్ణ పేజీగా మార్చండి. చట్రం ఉన్న మొదటి ఫైలులో ఇంతకాలం కుడిగడిలో కనిపించిన హోమ్ పేజీ విషయాన్ని నింపి, పాత హోమ్ ఫైలు చిరునామాను 301 మళ్లింపుతో (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పి కొత్త చోటికి పంపే సర్వరు సూచనతో) దానికి కలపండి. మెనూ ఒక్కటే ఉన్న ఫైలును కూడా అలాగే మళ్లించాలి.

మెనూ ఒకేచోట ఉండాలన్న పాత కోరిక న్యాయమైనదే. ఆ సౌకర్యం ఇప్పుడు సర్వరు వైపు దొరుకుతుంది. పీహెచ్‌పీ అనే సర్వరు భాషలో ఇన్‌క్లూడ్ అనే ఒక్క వాక్యంతో మెనూ ఫైలును ప్రతి పేజీలోకి రప్పించవచ్చు. చదువరికి చేరేసరికి అది ఒకే పత్రం. అయితే ఫైలు పేరు చివర హెచ్‌టీఎంఎల్ అని ఉంటే మామూలు హోస్టింగులో పీహెచ్‌పీ నడవదు, సాధారణంగా పేర్లు మార్చవలసి వస్తుంది. పేర్లు మార్చకూడదు అనుకుంటే హ్యూగో, ఎలెవెంటీ వంటి స్టాటిక్ సైటు జనరేటరుతో పేజీలను మన కంప్యూటరులోనే తయారు చేసి పైకి పంపడం మేలు. యాభై అరవై పేజీల కాలేజీ సైటుకు నేను ఈ దారినే ఎంచుకుంటాను, ఎందుకంటే సర్వరులో నడిచే ప్రోగ్రాము ఏదీ లేకపోతే ఏడాదికోసారి దాన్ని అప్‌డేటు చేయలేదన్న బాధ కూడా ఉండదు.

గడుల అమరికకు సీఎస్ఎస్ గ్రిడ్ సరిపోతుంది. 2017 మార్చి నుంచి ప్రధాన బ్రౌజర్లు దాన్ని గుర్తిస్తున్నాయి. వెడల్పు తెర మీద మెనూకు ఒక నిలువు వరుస, విషయానికి ఒకటి ఇచ్చి, ఫోనులో ఒకే వరుసగా మార్చాలి. పేజీ కిందికి జరిపినా మెనూ కనిపిస్తూ ఉండాలంటే పొజిషన్ గుణానికి స్టిక్కీ అన్న విలువ ఇవ్వాలి. ఇచ్చినా అంటుకోవడం లేదంటే సాధారణంగా కారణాలు రెండు: గ్రిడ్ ఆ మెనూ పెట్టెను వరుస ఎత్తంతా సాగదీసి ఉంటుంది, అప్పుడు దాన్ని పైఅంచుకు సర్దమని అలైన్ సెల్ఫ్ గుణంతో చెప్పాలి, లేదా దాని పైనున్న ఏదో ఒక పెట్టెకు ఓవర్‌ఫ్లో హిడెన్ అని రాసి ఉంటుంది. తలకట్టును కూడా పైన అంటించి ఉంచితే, పేజీలోని శీర్షికకు నేరుగా లింకు ఇచ్చినప్పుడు ఆ శీర్షిక తలకట్టు కింద దాక్కుంటుంది. స్క్రోల్ ప్యాడింగ్ టాప్ అన్న గుణంలో తలకట్టు ఎత్తు ఇస్తే సరిపోతుంది. ప్రతి పేజీకీ తన సొంత శీర్షిక, పత్రం భాష తెలుగు అన్న గుర్తు మరచిపోవద్దు. పాత సైట్లలో శీర్షిక చట్రానికి మాత్రమే ఉండేది కనుక లోపలి ఫైళ్లలో చాలా వాటికి ‘అన్‌టైటిల్డ్’ అనే ఉంటుంది.

ఇక చాలామంది పడిపోయే గుంటలు రెండున్నాయి. ఫ్రేములు తీసేశాక కూడా లింకులలో టార్గెట్ గుణం మిగిలిపోతే, ఆ పేరుగల గడి ఇప్పుడు లేదు కాబట్టి బ్రౌజరు కొత్త ట్యాబు తెరుస్తుంది. కాబట్టి ఫైళ్లన్నిటిలో టార్గెట్ అన్న పదాన్ని ఒకేసారి వెతికి తీసేయాలి. మెనూ ఫైలు తల భాగంలో బేస్ అనే ట్యాగులో కూడా అది దాగి ఉంటుంది, చాలామంది చూడరు. రెండవది, ఇంతకుముందు చెప్పిన జావాస్క్రిప్టు ముక్క. అది మిగిలిపోతే ప్రతి పేజీ తాను ఫ్రేములో లేనని గమనించి చదువరిని మొదటి పేజీకి పంపేస్తూనే ఉంటుంది. కొత్త సైటు ఎక్కించిన రాత్రి ఏ లింకు నొక్కినా హోమ్ పేజీయే వస్తోందంటే కంగారు పడకుండా ముందు దీన్ని వెతకండి.

డొమైను ముసుగు

మీ ఫైళ్లలో ఎక్కడా ఫ్రేమ్‌సెట్ లేకపోయినా చిరునామా మారడం లేదంటే, డొమైను అమ్మిన సంస్థ కంట్రోల్ ప్యానెల్‌లో ‘మాస్కింగ్‌తో ఫార్వర్డింగ్’ అన్నది ఆన్‌లో ఉందేమో చూడండి. ఉచిత హోస్టింగులో ఉన్న సైటును సొంత డొమైను పేరుతో చూపించడానికి ఈ సదుపాయం వాడతారు. చాలాచోట్ల లోపల జరిగేది మాత్రం ఒక ఫ్రేములో ఆ పాత సైటును కూర్చోబెట్టడమే. దాన్ని ఆపి, డొమైను పేరు ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డును నేరుగా హోస్టింగుకు కలపాలి. ఆ హోస్టింగు సొంత డొమైనును అనుమతించకపోతే అక్కడి నుంచి మారడమే దారి.

ఐఫ్రేము ఎక్కడ వాడవచ్చు?

ఇతరుల వస్తువును మన పేజీలో చూపించవలసి వచ్చినప్పుడు, అంటే మ్యాపు, యూట్యూబు వీడియో, చెల్లింపు ఫారం వంటి వాటికి ఐఫ్రేము సరైన సాధనమే. మన సొంత పేజీలను మన సైటులోనే ఐఫ్రేములో పెట్టడం మాత్రం ఫ్రేమ్‌సెట్‌ను దొడ్డిదారిన తెచ్చుకోవడం. కాలేజీ సైట్లలో నోటీసు బోర్డును వేరే ఫైలుగా రాసి, ఐఫ్రేములో పైకి పాకిస్తూ చూపించే అలవాటు మన నగరంలో విపరీతంగా ఉంది. ఆ పాకే అక్షరాలను చదవడానికి విద్యార్థులు పడే అవస్థ అటుంచితే, ఆ నోటీసు మళ్లీ చిరునామా లేని వస్తువే అవుతుంది.

ఐఫ్రేముకు టైటిల్ తప్పనిసరి. అది పేజీ అడుగున ఉంటే, అవసరమైనప్పుడే దించుకునేలా లోడింగ్ గుణానికి లేజీ అన్న విలువ ఇవ్వాలి. వెడల్పు నూరు శాతం, ఎత్తు యాస్పెక్ట్ రేషియోతో ఇస్తే ఫోనులో వీడియో తెగిపోదు. మన పేజీ హెచ్‌టీటీపీఎస్ అయి, ఐఫ్రేము చిరునామా పాత హెచ్‌టీటీపీ అయితే బ్రౌజరు దాన్ని ఆపేస్తుంది. ఐఫ్రేములో లాగిన్ అడిగే పరాయి పేజీని పెట్టకపోవడం మంచిది. 2020 నుంచి క్రోమ్, సఫారీ పరాయి సైట్ల కుకీలపై కట్టడి పెంచినందువల్ల, పాస్‌వర్డు సరిగానే ఇచ్చినా మళ్లీ మళ్లీ లాగిన్ పేజీయే రావచ్చు. అలాంటి దానికి మామూలు లింకు చాలు. నమ్మకం లేని దాన్ని శాండ్‌బాక్స్ గుణంతో కట్టడి చేయవచ్చు. కానీ లోపల ఉన్నది మన సైటు పేజీయే అయినప్పుడు స్క్రిప్టులకూ, మన సైటులో భాగంగానే మెలిగే సేమ్ ఆరిజిన్‌కూ రెండిటికీ అనుమతి ఇస్తే ఆ కట్టడిని అదే తొలగించుకోగలదు.

మ్యాపు పెట్టినవారు దాని కింద పూర్తి చిరునామాను అక్షరాలలో కూడా రాయాలి. హైదరాబాదులో ఇంటి నంబర్ల వరుస మీద ఆధారపడి ఇల్లు వెతికినవారు అరుదు; ఏ పిల్లరు నంబరు ఎదురుగా, ఏ మసీదు పక్క సందు అన్న గుర్తు ఐఫ్రేములో ఉండదు.

మన పేజీలను కూడా మరొకరు కనిపించని ఫ్రేములో పెట్టి, పైన తప్పుడు బటన్లు చూపి నొక్కించే మోసం ఉంది. 2008 నుంచి దాన్ని క్లిక్‌జాకింగ్ అంటున్నారు. లాగిన్ గాని, ఫీజు చెల్లింపు గాని ఉన్న సైటయితే కంటెంట్ సెక్యూరిటీ పాలసీ హెడరులో, పేజీని ఎవరి ఫ్రేములో తెరవవచ్చో చెప్పే ఫ్రేమ్ యాన్సెస్టర్స్‌కు మీ సైటును మాత్రమే అనుమతించండి. దీన్ని సర్వరు నుంచే పంపాలి. పేజీలో మెటా ట్యాగుగా రాస్తే బ్రౌజరు లెక్కచేయదు.

సైటు ఎక్కించాక పరీక్ష ఇలా చేయండి. లోపలి పేజీ ఒకటి తెరిచి, దాని చిరునామాను సైటు గురించి ఏమీ తెలియని వారికి వాట్సాప్‌లో పంపండి. వారి ఫోనులో అదే పేజీ తెరుచుకోవాలి, అది ఎవరి సైటో చూడగానే తెలియాలి, అక్కడి నుంచి ఫోను నంబరు ఉన్న పేజీకి వారు మిమ్మల్ని అడగకుండా వెళ్లగలగాలి. ఆ తరువాత నెల రోజుల పాటు సర్వరు లాగులో 404గా (పేజీ దొరకలేదని) నమోదైన చిరునామాలను వారానికోసారి చూసి, ఎక్సెల్ షీటులో తప్పిపోయిన పాత ఫైళ్లకు ఒక్కొక్కటిగా 301 రాసుకుంటూ పోవాలి.